పెంటేన్‌కు హారతి

శుక్రవారం రాత్రి

కోరుట్లలో బామ్మర్ది నర్సయ్య ఫోమ్ షీట్ల కార్ఖానాకు ఇవాళ పెంటేన్ వచ్చింది. ఓజోన్ పొరను తినే పాత గ్యాసుకు బదులు ఇకమీద ఫోమ్‌ను పొంగించేది ఇదే. పెట్రోలులా భగ్గుమంటుంది. కొత్త సరుకు కదా అని, మూత తీసిన డ్రమ్ము ముందే కర్పూరం వెలిగించబోయాడు. అగ్గిపెట్టె లాక్కున్నాను.

“గింత సదివినవ్, మందు కలిపిన మన ఫోమ్‌కు మంట అంటుకోదని తెల్వదా బావా?”

కూలీలు నవ్వారు.

“అంటనిది ఫోమ్‌కురా, దీనికి గాదు!”

“అపశకునం జేసినవ్. రేపు పొద్దుగాల మల్ల ఇస్త హారతి. నువ్వు రాకు.”

నా చదువును జీవితమంతా వెక్కిరించినవాడు. వాడొక్కడే అయితే వాడి ఖర్మకు వదిలేద్దును. కానీ చుట్టూ నిలబడి దండం పెట్టేది కూలీలు. వాడు ఫోన్ ఎత్తడం లేదు. తెల్లారకముందే వెళ్లి గేటుకు అడ్డంగా కూర్చుంటాను. మళ్లీ నవ్వుతారు. నవ్వనీ.