మసనోరి ఇల్లు ఖాళీ చేసిన వైనం

సకాయ్, జూన్ 4

ఫుసాయే అక్కయ్యకు నమస్కారాలు.

ఇక్కడ వానలు పట్టాయి. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

చియో పోయి ఈ నెలకు రెండేళ్లు. నేను కొత్త జీవితం మొదలుపెట్టాను. తక్కువ సామానుతో బతకడం నేర్చుకుంటున్నాను. మా పేటలో కుగా గారని ఒకావిడ ఇది నేర్పుతుంది. ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండకూడదట. ఆదివారం ఆవిడే వచ్చి బీరువా తెరిచింది. "ఈ బట్టలు ఎవరివండీ?" అంది. "మా ఆవిడవి." "ఆవిడ ఎక్కడున్నారు?" చెప్పాను. మెల్లిగా తలుపు మూసి, "ఇవాళ వంటింటితో మొదలుపెడదాం" అంది.

ఇప్పుడు నాకు ఒక గిన్నె, అన్నం తినే పుల్లలు ఒక జత, ఒక పరుపు. హాయిగా ఉంది.

నీ తమ్ముడు
మసనోరి

తా.క. ఇకమీదట ఏమీ పంపకు. పోయినేడు పంపిన నూడుల్సే అలాగే ఉన్నాయి.

---

మత్సుయే, జూన్ 10

చిరంజీవి మసనోరికి అక్క దీవెనలు.

కొత్త జీవితమన్నావు, ఆవిడ వచ్చిందన్నావు, బీరువా తెరిచిందన్నావు. నాకు డెబ్బై రెండేళ్లురా, ఆ మాత్రం అర్థం కాదా? ముందు కోపమొచ్చింది. చియో ఫొటో ముందు కూర్చుని "నీ మొగుడి సంగతి విన్నావా?" అని అడిగాను కూడా. తర్వాత మనసు మెత్తబడింది. చేసుకో. నువ్వు సిగ్గుపడతావని మనవాళ్లందరికీ నేనే కబురు పెట్టాను.

మీ అక్క
ఫుసాయే

తా.క. ఆవిడకి కూడా ఒక గిన్నె కొను. ఒక్క గిన్నెతో కాపురమేమిటి?

---

సకాయ్, జూన్ 23

అక్కయ్యకు నమస్కారాలు.

కూర్చునే చోటు లేక ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. పదకొండు పెట్టెలు వచ్చాయి. కోబే నుంచి మన తమ్ముడు యోషితో, ఇద్దరు పడుకునే పరుపు పంపాడు. కుగా గారికి డెబ్బై ఆరేళ్లు. ఒక పెట్టె మీద మా ఇద్దరి పేర్లూ రాసి ఉంటే, వీధంతా చూసింది. సాయంత్రానికల్లా ఆవిడ భర్త నవ్వుతూ వచ్చి, "మా ఆవిడతో మీకు పెళ్లట కదా, నన్ను పిలుస్తారా?" అన్నాడు. పెళ్లి లేదని అందరికీ వెంటనే రాయి.

మసనోరి

తా.క. నారా నుంచి మామయ్య, చెప్పులు కొనాలని పెళ్లికూతురి కాళ్ల కొలత అడిగాడు.

---

మత్సుయే, జూన్ 28

తమ్ముడికి దీవెనలు.

మొగుడున్న ఆవిడా! ఆయన నవ్వుతూ అడిగాడంటే మంచివాడే, అడ్డు చెప్పడులే. కానీ ఈ సంగతి రాయడానికి నాకు చెయ్యి రాదు. ఇంటింటికీ నువ్వే వెళ్లి చెప్పుకో.

ఫుసాయే

తా.క. పెళ్లి కానుకలు పార్శిల్లో తిప్పి పంపకు. మొహాన కొట్టినట్టుంటుంది.

---

సకాయ్, ఆగస్టు 2

అక్కయ్యకు నమస్కారాలు.

పదకొండు ఇళ్లకూ వెళ్లాను. కోబేలో పరుపు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, "పెళ్లీ లేదు, ఏమీ లేదు" అన్నాను. తమ్ముడి భార్య ఏడ్చేసింది. "బావగారూ, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు చియో అక్కయ్య తొమ్మిది రోజులు నా పక్కనే ఉంది, మీకు తెలుసా?" అంది. నాకు తెలియదు. కుట్టు క్లాసని చెప్పి వెళ్లేది. ప్రతి ఇంట్లోనూ చియో గురించి నాకు తెలియనిది ఒకటి ఉంది. నారాలో మామయ్య, "పెళ్లి లేకపోతే మానె, భోంచెయ్" అన్నాడు. ఆ అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఈ రెండేళ్లలో అదే మొదలు.

ఇంటికొచ్చి బీరువా నేనే తెరిచాను. చియో నీలం కిమోనో తమ్ముడి భార్యకి ఇస్తున్నాను.

మసనోరి

తా.క. కుగా గారు నన్ను క్లాసులోంచి తీసేసింది. పదకొండు పెట్టెలు ఇవ్వడానికి వెళ్లి, పచ్చళ్లూ పళ్లూ కలిపి పద్నాలుగు మోసుకొచ్చానట.

---

మత్సుయే, ఆగస్టు 9

నా తమ్ముడు మసనోరికి.

పెళ్లి లేదని నాకు మొదటి ఉత్తరంతోనే తెలుసు. రెండేళ్లుగా ఎవరికీ తలుపు తియ్యని మనిషి, ఒక్క గిన్నె మిగుల్చుకుని హాయిగా ఉందని రాశాడు. మా ఎదురింటి ఒగాతా గారు కూడా ఇల్లంతా ఇలాగే సర్దాడు. నాలుగో రోజుకి ఆయన ప్రాణాలతో లేడు. నీ ఉత్తరం చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. రమ్మంటే నువ్వు ఎక్కడికీ రావు. నీది కాని వస్తువు ఇంట్లో ఉంటే మాత్రం నీకు ముద్ద దిగదు. అందుకని పదకొండు ఇళ్లకూ నేనే రాశాను. వాళ్లకి నిజం చెప్పే పంపమన్నాను, పెద్దవీ బరువైనవీ చూసి పంపమన్నాను. కాళ్ల కొలత మాత్రం మామయ్య సొంత పైత్యం.

నువ్వు ఏడ్చావని చదివి, నేను కడుపునిండా తిన్నాను.

మీ అక్క
ఫుసాయే

తా.క. మా దొడ్లోని రాతి దీపం నిన్న నీ పేర పంపాను. ముప్పై కిలోలు. అది నీది కాదు. ఏ రైలుకి తెస్తావో రాయి.