పద్మ ఫిజిక్స్ ఫారం

గుణుపురం, 1998 జూలై, మంగళవారం. ముసురు. పొద్దున్నే దుకాణంలో చోళ్ళ గింజల బస్తాలు తడి గోడకు దూరంగా జరిపించాను.

అన్నయ్యగారికి తమ్ముడు సూర్యనారాయణ నమస్కారాలు. ఇక్కడ మేము బాగున్నాము. వదినగారి మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఆవిడ పంపిన మాగాయ అందింది. వంశధార ఎర్రగా పారుతోంది. ఈ ఒరిస్సా ఊరు వచ్చి పద్దెనిమిదేళ్లయినా ముసురు పట్టిన రోజు మనసు విప్పి మాట్లాడే మనిషి ఉండడు. అలవాటైపోయింది.

మీరు సంతకం లేకుండా తిప్పి పంపిన మీ అమ్మాయి పద్మ కాలేజీ ఫారం, మీ కార్డు చేరాయి. పిల్ల ఫిజిక్స్ చదివి బల్బులు మారుస్తుందా అని రాశారు. ఏడో తరగతి తప్పినవాడికి కాలేజీ సంగతులెందుకనీ రాశారు. తప్పిన మాట నిజమే. మళ్లీ పరీక్షకు కట్టనివ్వకుండా దుకాణంలో కూర్చోబెట్టింది ఎవరో మీరు రాయలేదు. నేనూ రాయను.

పోయిన శనివారం కాలేజీలో ప్లస్ టూ పాసైన పిల్లలను పిలిచి, ఫిజిక్స్ ఆనర్స్ అంటే ఏమిటో చెప్పారు. పద్మ వెంట నేనూ వెళ్లాను. లెక్చరరు మన పాలకొండ వైపు మనిషి. నోరు మంచిది కాదు. "లెక్కలు రానోలు ఇప్పుడే బస్సెక్కీయండి" అంటూ మొదలుపెట్టాడు. ఇక్కడ మూడేళ్లు, ఆపైన బరంపురం యూనివర్సిటీలో రెండేళ్లు. వేడి, వెలుగు, కరెంటు, అన్నీ చదివితే చాలదు, కొలవాలి. కొలిచింది ఏ రోజుది ఆ రోజే రాయాలి, తప్పొచ్చినా చెరపకూడదు అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన నోటిని క్షమించాను.

తరువాత దారానికి ఇత్తడి గుండు కట్టి, ఇరవై ఊపులకు ఎంతసేపు పడుతుందో చూడమన్నాడు. మన అమ్మి "లాభం, రెండు, మూడు" అని పైకే లెక్కపెట్టింది. గది గదంతా నవ్వింది.

"ఏటమ్మి, గుండుని అమ్మేస్తావేటి?" అన్నాడు లెక్చరరు.

"మా దుకాణంలో ఒకటనం సార్. మొదటి కుంచం లాభం."

తీరా చూస్తే అందరికీ ముప్పై ఎనిమిది సెకన్లు, ఈమెకు నలభై. ఎందుకొచ్చిందని గద్దించాడు.

"ఆలందరూ గుండు వదిలినప్పుడే ఒకటన్నారు సార్. నాను గుండు ఎల్లి తిరిగొచ్చేక లాభం అన్నాను. కుంచం ఒంపేకే లెక్క గదండి. ఎత్తినప్పుడే లెక్కెడితే కొన్నోడికి ఒక కుంచం తగ్గిపోతాది."

ఆయన తనే గుండు ఊపి లెక్కపెట్టాడు. "నలభయ్యే సరి. మీరందరూ మళ్లీ కొలవండి" అన్నాడు. ఆ తరువాత బరువైన గుండు కట్టాడు. అప్పుడూ నలభై సెకన్లే. బరువు మారినా లెక్క మారని చోటు ఒకటుందని, ఇన్నేళ్లు కాటా ముందు కూర్చున్న నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలియనిదాన్ని బల్బు అన్నారు.

వచ్చేటప్పుడు లెక్చరరు అడిగాడు, "నీకీ కొలత ఎవులు నేర్పేరు?" అని. ఆరేళ్లుగా ఆమె నా ఇంట్లో తింటోంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "మా నాన్న" అంది.

అది నిజమే, చిన్నప్పుడు ఆమె చేత కుంచం పట్టించింది మీరే. అది విన్నాక కూడా నాకు మీ మీద కోపం తగ్గలేదు.

ఇంకో ఫారం తెచ్చి పార్వతీపురం బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. అతని చేతికే తిప్పి ఇవ్వండి. శనివారం దాటితే సీటు లేదు. ఫారం ఒరియాలో ఉంది, మీకు రాదు కనుక తండ్రి గడి దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టాను. దాని కింద సంరక్షకుడి గడి ఉంది. అందులో నన్ను సంతకం పెట్టమని పద్మ ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను.

వదినగారికి, పిన్నమ్మకు నా దండాలు చెప్పండి. మీ ఆశీర్వచనం నాకు అక్కరలేదు, పిల్లకు పంపండి. వాకిట్లో చోళ్ళ బండి ఆగింది. పద్మ కుంచం పట్టుకుని వెళ్లింది. ఆమె చెబుతుంటే నేను రాసుకోవాలి. లాభం, రెండు,