ఐసుదిమ్మలో తెల్లముక్క

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మన దరియాలతిప్ప రేవులో సోలార్ లైటు వెలిగించారు. అందరూ తలలెత్తి దాన్నే చూస్తుంటే, నాకు మాత్రం నాన్న చేపల షెడ్డులో నువ్వు చెప్పిన పాఠం గుర్తొచ్చింది.

కాలేజీ సెలవలకొచ్చి, నన్ను ఐసుదిమ్మ ముందు కూర్చోబెట్టావు. "చూడవే, అంచులు అద్దంలా ఉన్నాయా, మధ్యలో తెల్లగా ఉందా? నీళ్ళు గడ్డకడతా ఉంటే ఉప్పూ మురికీ ఇంకా గడ్డకట్టని మధ్యలోకి పోతాయి. ఇసుకలోంచి తీసిన సిలికానూ అంతే. కరిగించి ఓ చివర నుంచి మెల్లగా గట్టిపడనిస్తే, మలినమంతా రెండో చివరకి పోద్ది. ఆ ముక్క కోసి పారేస్తారు. మిగిలిన దాంతోనే ఎండని కరెంటు చేస్తారు."

నాకు కావలసింది పాఠం కాదు, ఐసు. అది నీకూ తెలుసు. దిమ్మ పగలగొట్టి, అద్దంలాంటి ముక్క నా చేతిలో పెట్టి, తెల్లముక్క నువ్వు చప్పరించేదానివి. ఎప్పుడూ అంతే. అదేమిటని అడిగితే, "నాకిదే ఇష్టంలేవే, నువ్వు తిను" అనేదానివి.

ఇందాక షెడ్డులో ఐసుదిమ్మ పగలగొట్టి, ఆ లైటు కింద నిలబడి తెల్లముక్క నోట్లో వేసుకున్నాను.

ఉప్పగా ఉందక్కా. ఇదా నీకిష్టం?