మిషను డ్రాయరులో ఉన్న ఉత్తరం

మేనేజరు గారికి,

మా అమ్మాయిని గోల్‌కీపరుగా తీసుకుంటామని మీ క్లబ్బు రాసిన ఉత్తరం అందింది. జవాబు రాకపోవడంలో అమ్మాయి తప్పేం లేదు. డిగ్రీ పరీక్షలు అయ్యాక ఇద్దామని నేనే దాన్ని కుట్టుమిషను డ్రాయరులో పెట్టి తాళం వేశాను. ఇవాళే ఆఖరి పరీక్ష. పొద్దున తీసి చూస్తే, మీరిచ్చిన గడువు నిన్నటితోనే అయిపోయింది. అంగుళం తేడా రానివ్వని టైలరుని, తేదీ చూసుకోలేదు. దయచేసి ఒక్క వారం ఆగండి. నేను దాచిన సంగతి మాత్రం అమ్మాయికి చెప్పకండి.

ఇంతవరకు రాశానో లేదో, అమ్మాయి వచ్చింది. పరీక్షకు వెళ్ళలేదట.

"నన్నెందుకు వద్దనుకున్నారో అడుగుదామని క్లబ్బుకెళ్ళాను నాన్నా. ఉత్తరం ఎప్పుడో పంపామన్నారు," అంది.

తాళంచెవి కోసం చెయ్యి చాపి నిలబడింది. ఈ ఉత్తరం కూడా ఆ చేతిలోనే పెడుతున్నాను.