మూడు కాగితాలు తక్కువ

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఆనర్స్ పట్టా మాత్రం గడప దగ్గర ఆగింది.

ఆఖరి వ్యాసం ఇచ్చేశాను, నోటి పరీక్షా అయిపోయింది. తీరా చూస్తే రెండో ఏడాది చరిత్ర పేపరు ఆనర్స్ కింద కాక మామూలు కింద రాసి ఉంది. ఫారంలో నేనే తప్పు గడిలో టిక్కు పెట్టాను. గుమాస్తా నాలుగు రోజులు ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పాడు. కాళ్లు అరిగిపోయాయి. చివరికి చరిత్ర మేడమ్, "అప్పుడు ఆనర్స్ కోసం అదనంగా పద్నాలుగు కాగితాల వ్యాసం రాశావుగా, తెచ్చి చూపించు, సంతకం పెడతాను" అన్నారు.

అది సెలవుల్లో ఇంట్లో వదిలేశాను. వెనకవైపు ఖాళీగా ఉందని, పారేయడానికి చేతులు రాక, నువ్వు ఏడాదిగా నాకు ఉత్తరాలు దాని మీదే రాస్తున్నావు. నీ ఉత్తరాలన్నీ తిరగేసి వరసగా పేర్చాను. పదకొండు దొరికాయి. అవే పట్టుకెళ్లాను. మేడమ్ రెండు వైపులా చదివి, "మీ నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాలుగు, తొమ్మిది, పద్నాలుగో కాగితాలు శుక్రవారంలోగా కావాలి. వాటితో చెల్లి పుస్తకాలకు అట్టలు వేసుంటే విప్పి పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నారా, ఇంకా మొండికేస్తున్నారా?

నాన్నకు నమస్కారాలు, చెల్లికి దీవెనలు. అలసిపోయానమ్మా. ఆ మూడూ ఖాళీగా మాత్రం పంపకు. మేడమ్ చదువుతారని సర్దుకుని రాయకు.

నీ పెద్దమ్మాయి