చీటీ లేని సీసా

నీటి పరిశోధనశాల, శీతల గది పర్యవేక్షణాధికారి గారికి,

అయ్యా,

విషయం: చీటీ లేని సీసాలను శుక్రవారం పారబోయాలన్న తమ ఉత్తర్వు నుండి ఒక సీసాను మినహాయించుట గురించి.

1. నేను పదకొండేళ్ళుగా ఇక్కడ ధ్రువ సముద్రాల నీటిని కొలుచుచున్నాను. నీటిలోని ఉప్పును, బరువైన ఆక్సిజన్ పాళ్ళను చూసి, సముద్రంలో కలిసిన మంచినీరు నది తెచ్చినదో, తీరాన మంచుగోడ కరిగి వచ్చినదో చెప్పుట నా విధి. నా మాట ఏనాడూ తప్పలేదని తమ కార్యాలయమే ప్రశంసాపత్రం ఇచ్చినది.

2. మూడో అరలో ఎడమ మూలనున్న సీసా మా అక్కది. ఆమె ఓడ మీద నీళ్ళు పట్టేది. అందరూ చీటీ ముందే అంటిస్తారు. అక్క ఒప్పుకునేది కాదు. "నీళ్ళు పట్టకముందే చోటు రాస్తే అబద్ధం రాసినట్టేరా. పడవ అనుకున్న చోటికే పోతుందని ఏముంది?" అనేది.

3. ఎనిమిదేళ్ళ క్రితం ఆమె చిన్న పడవలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఓడవాళ్ళు నాకు ఫోను చేసి, "మీ అక్క ఎటు వెళ్తానంది? నది వైపా, మంచుగోడ వైపా?" అని అడిగారు. ముందురోజు అక్క ఫోనులో నది అన్నది గనుక నేనూ నది అన్నాను. రెండు రోజులు అక్కడే వెతికారు. మూడో రోజు ఎక్కడికో కొట్టుకుపోయిన పడవ దొరికింది. అందులో ఈ సీసా ఉన్నది. అక్క లేదు.

4. చెంచాడు నీళ్ళు కొలిస్తే ఆమె ఎటు వెళ్ళిందో తెలియును. ఎనిమిదేళ్ళుగా నాకు చేతులు రాలేదు. గది తలుపు తీసినప్పుడల్లా ఆ మూల నుండి "ఏరా, చీటీ రాశావా?" అని వినిపించుచున్నది. కంప్రెసర్ మోత అంటారు తోటివారు. కంప్రెసర్ నన్ను ఏరా అని ఎందుకు పిలుచును?

5. "ఏదో ఒక చోటు రాసి అంటించెయ్యండి అన్నయ్యా, ఎవరు చూడొచ్చారు?" అన్నది మా సహాయకురాలు. అక్క సీసాకు అబద్ధపు చీటీయా! నా వల్ల కాదు.

కావున ఆ ఒక్క సీసాను, మూత తీయకుండా, ఉన్నచోటనే ఉంచుటకు అనుమతించగలందులకు ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడో అర కాపలాదారు

తా.క.: అర్జీ ఇవ్వబోతే తమ గుమాస్తా, "చీటీ లేకుంటే పారబోత ఆగదండీ, ఎవరికైనా ఒకటే రూలు" అన్నాడు. మూత అక్క బిగించినదే, చేత్తో రాలేదు, పట్టకారు వాడాను. మూడుసార్లు కొలిచాను. చీటీ రాసి అంటించాను: "మంచుగోడ ముందు." ఇక తమ ఉత్తర్వు ఆ సీసాకు వర్తించదు. ప్రశంసాపత్రం దీనితో జతపరిచి వాపసు చేయుచున్నాను.