బల్లల మీది ఊరు

చాంపియన్ రీఫ్స్,
5-8-2001, ఆదివారం.

శ్రీవారికి ఆదిలక్ష్మి నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ అత్తమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. అంత దూరంలో, పని కోసం వెళ్లిన ఆ రాజస్థాన్ ఎండల్లో, మీరు కూడా అలాగే ఉన్నారని మీ చేతిరాతతో తెలిస్తేనే మాకు ధైర్యం.

మీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఇంత ఆలస్యం చేయడం నా అలవాటు కాదని మీకు తెలుసు. ఎస్టీడీ బూత్ దాకా రెండుసార్లు వెళ్లి, క్యూలో నిలబడి, నా వంతు వచ్చేసరికి తిరిగి వచ్చేశాను. నలుగురు వింటుండగా చెప్పగలిగే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. ముందు మీరు అడిగినవాటికి అడిగిన వరుసలోనే జవాబులు.

అత్తమ్మ కంటికి ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. చుక్కల మందు నేనే వేస్తున్నాను. మీ పేరు చెబితేనే కన్ను తెరుస్తుంది. పడమటి గోడకు వెదురు తట్టి ఊడిన చోట రేకు కొట్టించాను. వాన లోపలికి రావడం లేదు. నీళ్ల ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది. గనులు మళ్లీ తెరుస్తారని యూనియన్ ఆఫీసులో ఎవరైనా అంటున్నారా అని అడిగారు. అంటూనే ఉన్నారు. మార్చిలో మూసినప్పుడు ఏమన్నారో ఇప్పుడూ అదే అంటున్నారు. ఎల్లప్పన్న దగ్గు తగ్గలేదు. చలిగాలికి ఇంకా ఎక్కువైంది.

ఇక మన ఊరి మోడల్ సంగతి. ప్రదర్శన ఎలా జరిగింది, బెంగళూరు ట్రస్టు వాళ్లు ఏమన్నారు, వాళ్లు తీసుకోకపోతే బల్లలు గౌనిపల్లికి మా తమ్ముడి దగ్గరికి చేరాయా అని అడిగారు. ఒక్క ఇల్లు కూడా కదలకూడదని కింద గీత గీసి మరీ రాశారు. ఆ గీత నేను చూశాను. చూడలేదని అనను.

మొదటి రోజు మీరు ఉండి ఉంటే బాగుండేది. బడి హాలులో బల్లలన్నీ కలిపి నిలబెట్టేసరికి ఈ గోడ నుంచి ఆ గోడకు మన ఊరు వచ్చేసింది. ఇటు బంగారుపేట, అటు మారికుప్పం, మధ్యలో గని షాఫ్టుల చక్రాలు, కూలీల లైన్ల ఇళ్లు, కుళాయిలు. గనిలోకి పెట్టుకెళ్లే టోపీ దీపం బ్యాటరీలకు వైరు తగిలించి ఎల్లప్పన్న తన ఇత్తడి ఇంజనును వదిలాడు. అది ఊరిగాం దగ్గర వంపు తిరుగుతుంటే హాలంతా చప్పట్లు. వచ్చినవాళ్లకు చెప్పే పని నాకు అప్పగించారు. గని మెషిన్ షాపు మనుషులు క్లబ్బు పెట్టుకుని ఏళ్ల తరబడి ఆదివారాలు కూర్చుని చేసిన ఊరు ఇదని, ఇళ్లు మాత్రం సబ్బు పెట్టెల అట్టతో ఆడవాళ్లం కోశామని, ఏ ఇంటి తలుపు ఏ రంగో ఇంటింటికీ వెళ్లి చూసి మరీ వేశామని గొంతు పోయేదాకా చెప్పాను.

వాళ్లు నా మాట వింటే కదా!

"ఇదో, ఇది మన కుళాయి కదప్పా! దీని కాడనే నువ్వు నన్ను బిందెతో కొట్టింది."

"అబద్ధం! నువ్వే బిందె ముందర పెట్టినావు. నేను ఊరికే తోసినా."

ముసలివాళ్లిద్దరు బల్ల మీదికి వంగి అట్ట కుళాయి దగ్గర మళ్లీ మొదటి నుంచి పోట్లాడుకున్నారు. జనం నవ్వలేక చచ్చారు.

మీరు అడిగిన సైనైడ్ దిబ్బ, అదే బంగారం తీశాక పారబోసిన ఇసుక గుట్ట సంగతి ఇక్కడే చెప్పాలి. పీవోపీ పోసి బూడిదరంగు వేయమని మీరు రాశారు. అలాగే పోశాను, వేశాను. పక్కింటి గంగులమ్మ వచ్చి చూసి, "ఇది దిబ్బ అంటనా? ఇడ్లీ పిండి పోసినట్టుండాది గదక్కా. సాంబారు యాడ?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. అన్నీ అచ్చంగా ఉన్న ఊళ్లో దిబ్బ ఒక్కటే అబద్ధంగా కనబడింది. మరునాడు పొద్దున్నే సంచీ పట్టుకుని నిజం దిబ్బ దగ్గరికి వెళ్లాను. ఇసుక తెచ్చి, ఎండబెట్టి, రవ్వ జల్లెడలో జల్లించి, పీవోపీ మీద పరిచాను. జిగురు అయిపోయింది. చీర అంచును నిలబెట్టే గంజి ఇసుకను నిలబెట్టదా అనుకుని చిక్కటి గంజి చల్లాను. ఆరిన తర్వాత చూస్తే వాన వెలిసినప్పుడు మన దిబ్బ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. గంగులమ్మ కూడా వేలితో తాకి చూసి తలూపింది. ఆ ఒక్క రోజు నాకు ఎంత గర్వమో చెప్పలేను.

రెండో రోజు ట్రస్టు వాళ్లు వచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆవిడ. వాళ్లకు నచ్చితే మొత్తం బల్లలన్నీ బెంగళూరులో అద్దాల గదిలో పెడతారు, లేకపోతే నెలాఖరుకు క్లబ్బు గది తాళం కంపెనీకి అప్పజెప్పాలి, బల్లలకు చోటు లేదు. ఇది అందరికీ తెలుసు కాబట్టి హాలులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కరెంటు లేదు, ఫ్యాన్లు తిరగడం లేదు. ఆవిడ చీర చెంగుతో విసురుకుంటోంది. ఇంటికి వచ్చిన చుట్టానికి ఉక్కపోస్తుంటే చూస్తూ ఊరుకోలేని బుద్ధి నాది. లేచి వెళ్లి కిటికీ తెరిచాను.

పడమటి కిటికీ. ఆషాఢ మాసంలో. ఆ కిటికీ తెరవకూడదని మన లైన్లో చంటిబిడ్డకు కూడా తెలుసు. ఇన్నేళ్లుగా ఆ గాలికి తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, అయినా వచ్చి పడిన దిబ్బ దుమ్మును ఊడ్చి పారేసినదాన్ని నేను. ఆ దుమ్మునే చేతులారా మోసుకొచ్చి లోపల పెట్టి, దాని మీదికి గాలిని కూడా నేనే పిలిచాను.

గంజి పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. దిబ్బ మీద నుంచి ఇసుక సన్నటి పొగలా లేచి పట్టాల మీద, ఇళ్ల మీద పడింది. కిటికీ మూసేలోపే ఇంజను కోరమాండల్ స్టేషను దాటి వచ్చి దిబ్బ ముందు ఒకసారి గుంజుకుని ఆగిపోయింది. ఎల్లప్పన్న వేలితో తోశాడు. కదిలింది, మళ్లీ ఆగింది. తర్వాత మోటారు కాలిన వాసన వచ్చింది.

నేను ఏడుపు ఆపుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంజనును చేతిలోకి తీసుకుని తిప్పి చూసి నవ్వాడు. "యేడ్చొద్దు మ్మా. నా ఎదలో యేముండాదో దీని కడుపులోనూ అదే పోయింది. ఈ ఊరి ఇంజను అనిపించుకునింది, పో!" అన్నాడు. ఆ వెంటనే దగ్గు వచ్చింది. మెషిన్ షాపుకు రాకముందు గని లోపల రాయి తొలిచిన ఆ మనిషి ముందర నేను దుమ్ము రేపాను. ఆయన నన్ను ఒక్క మాట అనకపోవడమే నాకు ఇప్పటికీ తిట్టులా ఉంది.

ట్రస్టు వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. చాలా బాగుందన్నారు. కానీ మనిషి తోడు లేకుండా రోజంతా నడిచేది కావాలట. ఉత్తరం రాస్తామని వెళ్లారు. రాయలేదు.

మీరు చెప్పినట్టే గౌనిపల్లికి పంపడానికి ఏర్పాట్లు చేశాను. మా తమ్ముడు చౌడప్ప మామిడి కాయలు దింపి ఖాళీగా వెళ్లే లారీ మాట్లాడాడు. కాయల షెడ్డులో చోటు ఖాళీ చేయించాడు. గడ్డి, గోనెపట్టలు, తాళ్లు అన్నీ సిద్ధం. ఏ బల్ల తర్వాత ఏది ఎక్కాలో సుద్దముక్కతో రాసి పెట్టాను. ఇంతవరకూ అంతా మీరు చెప్పినట్టే జరిగింది.

లారీ వచ్చిన పొద్దున పిల్లమ్మత్త వచ్చింది.

"ఆదిలక్ష్మీ, నేను బెంగుళూరికి పోతా ఉండాను, కూతురింటికి. ఇల్లు కంపెనీకి అప్పజెప్పేసినా. ఆ బల్ల మీద మా ఇల్లు ఉండాది గదా, అదియ్యి తల్లీ."

"వద్దత్తా. ఒగటి తీస్తే అంతా చెడిపోతాది. ఆయన ఒక్కిల్లు గూడా కదపొద్దన్నారు."

"మీ ఆయన యాడుండాడో నీకు తెలుసు. ఉత్తరం రాస్తే చేరతాది. మా ఆయన ఆ ఇంట్లో నుంచే డ్యూటీకి పోయినాడు. రాయి పేలి పడింది, ఇంగ రాలే. వాకిలి చూస్తా ఉండేదానికి నాకు అదొక్కటి చాలు."

హ్యాక్సా బ్లేడుతో అడుగున కోసి ఆమె కొంగులో పెట్టాను.

మన లైను పద్ధతి మీకు తెలుసు. ఒకింట్లో పండగ పిండివంట పంచడం మొదలుపెడితే చివరి ఇంటి దాకా పంచాల్సిందే. గిన్నె ఖాళీ అయిందని మధ్యలో ఆగితే ఆ ఇంటితో జన్మంతా మాటలుండవు. పిల్లమ్మత్త కొంగు పట్టుకుని వీధి దాటేలోపే గంగులమ్మ వచ్చింది. "పిల్లమ్మకిచ్చి నాకియ్యవా? నేనేం పాపం చేసినా? ఆ యమ్మ పోతా ఉండాది, నేను ఈడనే ఉండేదాన్ని!" ఆ వెనుక ఇంకొకరు. ఆ వెనుక లైనంతా. ఒకరికిచ్చి ఒకరికి లేదనడం నాకు చేతకాదు. వరుసలో నిలబెట్టి, ఎవరి ఇల్లు వాళ్లకు, తలుపు రంగు చూసి, గొడవలు లేకుండా ఇచ్చాను. దాంట్లో కూడా ఎక్కడా పొరపాటు చేయలేదు. ఎంత పద్ధతిగా చేశానో తలచుకుంటే సిగ్గు వేస్తోంది.

చౌడప్ప లోపలికి వచ్చి నెత్తి పట్టుకున్నాడు. "ఏందక్కా ఇది! నేను ఊరు తీసుకపోదామని బండి తెస్తే నువ్వు ఊరినే పంచేస్తా ఉండావే! బావకు యేం చెప్తావు?"

"చెప్తాను లే" అన్నాను.

"ఇంగ తీసుకపోయేదానికి యేముండాది? వట్టి పలకలు."

లారీ ఖాళీగానే వెళ్లింది.

అందరూ వెళ్లాక చిన్నవెంకటమ్మ ఒక్కతే గోడ పక్కన నిలబడి ఉంది. నీలం తలుపు ఇల్లు ఎవరిదని అడిగింది. మాది అన్నాను. "మీకు అలాట్ కాకముందు మా నాయిన ఉండె దాంట్లో. నేను పుట్టింది ఆ ఇంట్లోనే అక్కా" అంది. ఇంక ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఒకవేళ కాదనేదాన్నేమో. అందరి ఇళ్లూ కోసి పంచి, మనది మాత్రం దాచుకుంటే లైన్లో తలెత్తుకుని ఎలా తిరగను అనిపించింది. మీరు గడప కూడా చెక్కి పెట్టిన ఇల్లు. అదీ ఇచ్చేశాను.

ఇది రాయలేకే ఇన్ని రోజులు గడిచాయి. ఎదురుగా నిలబడి అడిగినవాళ్లందరూ నా కంటికి కనిపించారు. దూరంగా ఉండి, అడగకుండా, నేను చూసుకుంటానని నమ్మిన మీరు ఆ పూట కనిపించలేదు. ఇంట్లో ఎవరి వాటా ఎవరికని ఇన్నేళ్లు తప్పకుండా చూసినదాన్ని, మీ వాటా మర్చిపోయాను. ఎవరికీ అన్యాయం చేయకూడదనుకుని ఒక్కరికే మొత్తం అన్యాయం చేశాను.

నిన్న ఎల్లప్పన్నకు గంజి తీసుకువెళ్లాను. ఇంజను అరుగు మీద గుడ్డలో చుట్టి ఉంది. విప్పలేదు. "ఓబలప్ప యేమన్నాడు?" అని మీ గురించి అడిగాడు. ఇంకా రాయలేదన్నాను. ఆయన చాలాసేపు దగ్గి, "రాయి మ్మా. తిట్టనీ. తిట్టేదానికి నీకొక మనిషి ఉండాడు. అదెంత భాగ్యమో నన్నడుగు" అన్నాడు. ఇంటికి వచ్చి కాగితం తీశాను.

మీరు దీపావళికి వస్తానన్నారు. వచ్చి క్లబ్బు గది తలుపు తీసి, బల్లలు కలిపి, దీపాలన్నీ ఆర్పి, మన ఊరి దీపాలు మాత్రం వెలిగించి చూస్తానని రాశారు. ఆ గది ఇప్పుడు మనది కాదు. ఆ ఊరు లేదు. మీరు బయలుదేరకముందే ఇది మీకు తెలియాలి. అంత దూరం రైలులో దాన్నే తలచుకుంటూ వచ్చి గడపలో వినకూడదు.

పట్టాలు మాత్రం ఎవరూ అడగలేదు. మీరు ఒక్కొక్కటీ సాగదీసి అతికించిన ఆ ఇత్తడి పట్టాలు బంగారుపేట నుంచి మారికుప్పం దాకా మొత్తం ఉన్నాయి. వంపు చెడకుండా విడదీసి, దుమ్ము తుడిచి, మన మంచం కింద పెట్టాను. పక్కన ఇళ్లు లేని పట్టాలు నాకెందుకని మీరు అన్నా, వచ్చేదాకా వాటిని రోజూ తుడిచి పెడతాను.

ఇట్లు,
మీరు నమ్మి ఊరు అప్పజెప్పి వెళ్లిన
మీ భార్య
ఆదిలక్ష్మి